కార్బన్ చక్రాలా, అల్లాయ్ చక్రాలా? తరచుగా అడిగే ప్రశ్నలు

మంచి సైకిల్ కొన్న కొన్నాళ్లకు దాదాపు అందరి చూపూ చక్రాల మీదికి పోతుంది. అప్పుడు పుట్టే అనుమానాలు మాత్రం మనిషి మారినా మారవు. అడిగిన ప్రతిసారీ మొదటి నుంచి చెప్పే బదులు ఒకచోట రాసిపెడదామని ఇవి పోగుచేశాను. ఏ జవాబుకు ఆ జవాబే కాబట్టి మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు. చెప్పినదంతా ఎక్కువగా రోడ్ సైకిళ్ల గురించే.

## కొనాలా వద్దా అని ఊగిసలాడేటప్పుడు

కార్బన్ చక్రం అంటే మొత్తం కార్బనేనా? అల్లాయ్‌కీ దానికీ తేడా ఎక్కడుంది?

చాలా చక్రాల్లో కార్బన్ అయ్యేది టైరు కూర్చునే రిమ్ ఒక్కటే. నడుమ ఇరుసు ఉండే హబ్ అల్యూమినియందే, రెంటినీ కలిపే పుల్లలు, అంటే స్పోకులు, స్టీలువే. ఖరీదైన కొన్ని మోడళ్లలో స్పోకులు కూడా కార్బన్‌వి వస్తున్నాయి గానీ అవి తక్కువ.

అల్లాయ్ రిమ్‌ను అల్యూమినియం మిశ్రమంతో బోలు కడ్డీలా సాగదీసి, గుండ్రంగా వంచి, రెండు కొసలనూ లోపల ముక్క పెట్టి గానీ వెల్డింగ్ చేసి గానీ కలుపుతారు. కార్బన్ రిమ్‌కు రెజిన్ (గట్టిపడే జిగురు) పట్టించిన కార్బన్ పొరలను అచ్చులో పేర్చి, వేడీ ఒత్తిడీ ఇచ్చి గట్టిపరుస్తారు. తేడా అంతా ఇక్కడే మొదలవుతుంది. సాగదీసిన లోహం గోడ చుట్టూరా ఒకే మందంలో ఉంటుంది. పొరలు పేర్చేవాడు స్పోకు రంధ్రాల దగ్గర నాలుగు పొరలు ఎక్కువ వేసి, పని లేనిచోట తగ్గించగలడు. అందుకే 50 మి.మీ. ఎత్తున్న (టైరు అంచు నుంచి హబ్ వైపు అంచు దాకా కొలత) రిమ్‌ను కార్బన్‌లో తేలిగ్గా చేయగలుగుతున్నారు. అదే ఎత్తు అల్యూమినియంలో చేస్తే బరువు భరించలేం. అల్లాయ్ రిమ్‌లు చాలామటుకు 30 మి.మీ. చుట్టుపక్కలే ఆగిపోవడానికి కారణం ఇదే.

కార్బన్ వేస్తే స్పీడ్ ఎంత పెరుగుతుంది?

కార్బన్ అయినందువల్ల ఏమీ పెరగదు. రిమ్ ఎత్తుగా, గాలిని చక్కగా చీల్చే ఆకారంలో ఉంటే కొంత పెరుగుతుంది. 25 మి.మీ. కార్బన్ రిమ్‌కూ 25 మి.మీ. అల్లాయ్ రిమ్‌కూ గాలి దగ్గర చెప్పుకోదగ్గ తేడా ఉండదు.

ఎత్తున్న రిమ్ ఇచ్చే లాభం కూడా మీ వేగాన్ని బట్టే. గాలిని తోసుకుపోవడానికి కావలసిన శక్తి వేగానికి ఘనం చొప్పున పెరుగుతుంది. గాలి లేని రోజున గంటకు 40 కిలోమీటర్ల దగ్గర ఒక జత చక్రాలు 8 వాట్లు మిగిల్చాయనుకోండి. 20 కిలోమీటర్ల దగ్గర అవే చక్రాలు మిగిల్చేది 1 వాట్. పైగా గాలి నిరోధంలో పెద్ద వాటా సైకిల్‌ది కాదు, మీ ఒంటిది. మోచేతులు వంచి కాస్త కిందికి ఒంగితే వచ్చే లాభం ముందు చక్రాల లాభం చిన్నదే. ఒంటరిగా గంటకు 30 కిలోమీటర్లకు పైన గంటల తరబడి తొక్కేవారికి ఎత్తు రిమ్ పనికొస్తుంది. గుంపులో వెనక ఉండి తొక్కేవారికి అంతంత మాత్రం.

చక్రంలో తగ్గిన ఒక గ్రాము ఫ్రేములో తగ్గిన రెండు గ్రాములతో సమానమంటారు. నిజమేనా?

సగం నిజం. రిమ్, టైరు ముందుకు కదలడమే కాకుండా తిరుగుతాయి కూడా. కాబట్టి వేగం పెంచేటప్పుడు అంచున ఉన్న బరువు రెండింతలుగా లెక్కకొస్తుంది. ఒక స్థిరమైన వేగంతో పోతున్నప్పుడు ఈ సూత్రం వర్తించదు. కొండ ఎక్కేటప్పుడు కూడా గ్రాము గ్రామే, అది రిమ్‌లో ఉన్నా మీ నీళ్ల సీసాలో ఉన్నా ఒకటే.

రెండింతలు చేసి లెక్క వేసినా తేలేది చిన్న అంకే. రిమ్‌లలో 300 గ్రాములు తగ్గాయంటే, వేగం పెంచేటప్పుడు 600 గ్రాములు తగ్గినట్టు. మనిషీ సైకిలూ కలిపి 80 కిలోలనుకుంటే అది ఒక శాతం కూడా కాదు. పెడల్ తొక్కగానే సైకిల్ ఉరికినట్టు అనిపిస్తుంది, ఆ హుషారు అబద్ధం కాదు. గడియారంలో మాత్రం దాన్ని వెతుక్కోవాలి.

నేను ఎక్కువగా కొండలే ఎక్కుతాను. కార్బన్ తీసుకోనా?

ముందు ఈ లెక్క చూడండి. నిటారు కొండ మీద మీ శక్తిలో ఎక్కువ భాగం బరువును పైకి మోయడానికే పోతుంది. మొత్తం బరువు 80 కిలోలైతే, అందులో 400 గ్రాములు తగ్గడమంటే అర శాతం. గంట పట్టే ఎక్కుడులో మహా అయితే 18 సెకన్లు. పోటీలో అది పెద్ద సంగతి, ఆదివారం సరదాగా తొక్కేవారికి ఏమీ కాదు.

ఇంకో సంగతి. బరువు తక్కువ అనగానే కార్బన్ అనుకోకండి. జత 1,500 గ్రాముల చుట్టుపక్కల ఉండే మంచి అల్లాయ్ చక్రాలున్నాయి, అంతకన్నా బరువైన ఎత్తు కార్బన్ చక్రాలూ ఉన్నాయి. సైకిల్‌తోపాటు వచ్చే మామూలు అల్లాయ్ చక్రాలు 2 కిలోల దగ్గర ఉంటాయి కాబట్టి, వాటి నుంచి మంచి అల్లాయ్‌కి మారినా బరువు గణనీయంగా తగ్గుతుంది.

మరి ప్రొఫెషనల్ రేసర్లందరూ కార్బనే ఎందుకు వాడుతున్నారు?

వాళ్ల వేగం వేరు. చక్రం పగిలితే వెనక కారులో ఇంకొకటి సిద్ధంగా ఉంటుంది. పైగా చక్రాలు స్పాన్సర్ ఇస్తాడు, జేబులోంచి డబ్బు తీసేది వాళ్లు కాదు.

కొత్త పదార్థాలను రేసింగ్ ఊరికే నమ్మలేదని కూడా గుర్తుంచుకోవాలి. చెక్క రిమ్‌లు చెలామణిలో ఉన్న 1934లో ఆంటోనిన్ మాన్య్ మావిక్ కంపెనీ అల్యూమినియం రిమ్‌లకు చెక్క రంగు వేయించుకుని టూర్ డి ఫ్రాన్స్ గెలిచాడని సైక్లింగ్ చరిత్రలో చెప్పుకుంటారు. కార్బన్‌దీ అదే వరస. చదును రోడ్ల మీద వాడుక పెరిగాక కూడా రాళ్లబాటల రేసుల్లో చాలా ఏళ్లు పాత పద్ధతి అల్లాయ్ రిమ్‌లనే నమ్ముకున్నారు. 2010లో ఫాబియన్ కాన్సెలారా రాళ్లబాటలకు పేరుపడ్డ పారిస్–రూబే రేసును కార్బన్ చక్రాల మీద గెలిచాడు. ఆ తర్వాత రాళ్లబాటలో కార్బన్ ఆగదనే మాట వినపడటం తగ్గింది.

చేతిలో ఉన్న డబ్బుతో ముందు కార్బన్ చక్రాలా, మంచి టైర్లా?

టైర్లు. ఇందులో నాకు సందేహం లేదు. గట్టి రబ్బరు, మందపాటి గోడలున్న మామూలు టైర్లు తీసేసి మెత్తగా దొర్లే రేసింగ్ టైర్లు వేస్తే తేడా ఏ వేగంలోనైనా తెలుస్తుంది, ఖర్చు చక్రాల ఖర్చులో చిన్న ముక్క. కార్బన్ రిమ్‌ల మీద నాసి టైర్లు వేసుకుని తిరిగేవారు తక్కువేం కాదు. ఎందుకో నాకు అర్థం కాదు.

## బ్రేకుల సంగతి

నాది రిమ్ బ్రేకు సైకిల్. కార్బన్ చక్రాలు పెట్టుకోవచ్చా?

పెట్టుకోవచ్చు. నన్నడిగితే మాత్రం వద్దంటాను, ముఖ్యంగా వానలోనూ ఘాట్ రోడ్ల మీదా తొక్కేవారికి.

రిమ్ బ్రేకు అంటే ప్యాడ్లు రిమ్‌నే రెండు పక్కలా నొక్కి ఆపేది, కాబట్టి వేడి పుట్టేది రిమ్ మీదే. 80 కిలోల బరువు 500 మీటర్ల ఎత్తు నుంచి దిగితే విడుదలయ్యే శక్తి దాదాపు 390 కిలోజౌళ్లు. లీటరు నీళ్లు మరిగించడానికి అది చాలు. కొంత గాలికి పోయినా, బ్రేకు పట్టుకునే దిగితే చాలా భాగం రెండు రిమ్‌లలోకే చేరుతుంది. అల్యూమినియం ఆ వేడిని రిమ్ అంతటా పరిచి గాలికి వదిలేస్తుంది. కార్బన్‌లో వేడి అలా పాకదు, ప్యాడ్ రాసుకున్నచోటే నిలుస్తుంది. రెజిన్ తట్టుకునే హద్దు దాటితే మెత్తబడుతుంది, లోపలి నుంచి టైరు గాలి తోస్తుంటుంది కాబట్టి ప్యాడ్ రాసుకునే పట్టీ, అంటే బ్రేకు ట్రాక్, ఉబ్బుతుంది, పొరలు విడిపోతాయి. లోపల లేటెక్స్ ట్యూబు ఉంటే అదీ వేడికి పేలవచ్చు. కార్బన్ రిమ్ బ్రేకు చక్రాల్లో లేటెక్స్ వాడొద్దని చాలా కంపెనీలు రాసేది అందుకే.

వానలో ఇంకో చిక్కు. తడిసిన కార్బన్ ట్రాక్ మీద ప్యాడ్ మొదట నీళ్లను తుడవాలి, ఆ తర్వాతే పట్టు దొరుకుతుంది. లీవర్ నొక్కాక ఏమీ జరగని ఆ క్షణం చాలా పొడవుగా అనిపిస్తుంది. మంచి రెజిన్లు, గాడులు కొట్టిన ట్రాకులు వచ్చాక పరిస్థితి బాగుపడింది గానీ, తడిలో అల్లాయ్ మీద ఉన్న నమ్మకం నాకు వాటి మీద లేదు.

అయినా కార్బన్ రిమ్ బ్రేకు చక్రాలే కొనేశాను. ఏం జాగ్రత్త పడాలి?

చక్రాల కంపెనీ చెప్పిన కార్బన్ ప్యాడ్లే వాడండి. అల్లాయ్ మీద వాడిన ప్యాడ్లను తీసి వీటికి పెట్టొద్దు. వాటిలో ఇరుక్కున్న అల్యూమినియం ముక్కలు కార్బన్‌ను గీకేస్తాయి. దిగుడులో బ్రేకును అదేపనిగా పట్టి ఉంచకుండా, మలుపుకు ముందు గట్టిగా పట్టి వదిలేయండి. ముందు, వెనక బ్రేకులు మార్చి మార్చి వాడితే రిమ్‌లకు చల్లబడే వ్యవధి దొరుకుతుంది.

బ్రేకు ట్రాక్ అల్యూమినియం, పైన కార్బన్ ఉన్న చక్రాలు చూశాను. అవెలా ఉంటాయి?

అల్లాయ్ రిమ్‌కే గాలి కోసం కార్బన్ తొడుగు వేసినట్టు. బ్రేకు అల్లాయ్‌లాగే పట్టుకుంటుంది, ఆకారం ఎత్తు రిమ్‌ది, బరువు మాత్రం ఎక్కువ. రిమ్ బ్రేకు ఉండి చదును రోడ్ల మీద వేగంగా తొక్కేవారికి నిజంగా తెలివైన ఎంపిక. ఇప్పుడు కొత్తవి అరుదు.

డిస్క్ బ్రేకులుంటే ఈ భయాలేవీ లేవు కదా?

బ్రేకు సంబంధించినవి లేవు. వేడంతా హబ్ పక్కన ఉండే రోటర్ అనే లోహపు పళ్లేనికి పోతుంది, రిమ్‌కు ఆ పనే లేదు. కార్బన్ చక్రాలు మామూలు జనం చేతికి రావడానికి డిస్క్ బ్రేకే పెద్ద కారణమని నా అభిప్రాయం.

## మోడల్ ఎంచుకునేటప్పుడు

రిమ్ ఎత్తు ఎంత తీసుకోవాలి? పక్కగాలికి భయమేస్తుంది.

ఒకే జత పెట్టుకుని అన్నిచోట్లా తిరిగేవారికి 35 నుంచి 50 మి.మీ. మధ్య సరిపోతుంది. పక్కగాలి ఇబ్బందంతా ముందు చక్రంతోనే, ఎందుకంటే గాలి దాన్ని తోస్తే హ్యాండిల్ తిరుగుతుంది. వెనక చక్రం అంత ఎత్తున్నా పెద్దగా తెలియదు. అందుకే ముందు తక్కువ, వెనక ఎక్కువ ఎత్తుతో జతలు అమ్ముతారు. స్థిరంగా వీచే గాలికి చేతులు అలవాటు పడతాయి. గోడ దాటగానే, లారీ పోగానే వచ్చే విసురే ప్రమాదం. తక్కువ బరువున్న వాళ్లు ఒక మెట్టు తగ్గించి కొనడం మంచిది. లోపలి అంచు పదునుగా ఉండే పాత ఆకారం కన్నా గుండ్రంగా ఉండే ఇప్పటి ఆకారం విసురుగాలిలో నెమ్మదిగా ప్రవర్తిస్తుంది.

పోటీల్లో దిగేవారికి ఒక మాట: గుంపుగా సాగే రోడ్ రేసుల్లో 2026 జనవరి 1 నుంచి అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య యూసీఐ రిమ్ ఎత్తుకు 65 మి.మీ. హద్దు పెట్టింది.

హుక్‌లెస్ రిమ్ అంటే ఏమిటి? ప్రమాదమా?

టైరు అంచును పట్టి ఉంచే చిన్న కొక్కెం రిమ్ గోడకు లేకపోతే అది హుక్‌లెస్. అచ్చులోంచి తీయడం తేలిక, అంచు మందంగా ఉండి దెబ్బకు ఆగుతుంది. కార్బన్‌లో ఇవి ఎక్కువ కనిపించేది అందుకే. కొక్కెం లేనందున టైరు పట్టంతా దాని అంచు బిగువు మీదే ఆధారపడుతుంది. కాబట్టి హుక్‌లెస్‌కు సరిపోతుందని రాసి ఉన్న ట్యూబ్‌లెస్ టైర్లే వేయాలి. గాలి 5 బార్, అంటే 72.5 పీఎస్‌ఐ దాటకూడదు. ఎంత వెడల్పు టైరు వేయాలో రిమ్ కంపెనీ ఇచ్చిన పట్టికలో చూసుకోవాలి. 2024 ఫిబ్రవరిలో యూఏఈ టూర్ రేసులో థామస్ డి గెంట్ సైకిల్ టైరు రిమ్ నుంచి ఊడి, అతను పడిపోయాక హుక్‌లెస్ ప్రమాదమా అన్న వాదన బాగా ముదిరింది.

30 మి.మీ. అంతకన్నా వెడల్పు టైర్లను తక్కువ గాలితో వాడేవారికి హుక్‌లెస్ వల్ల చిక్కు లేదు. 25 మి.మీ. టైరులో గాలి బిగించి తొక్కే అలవాటుంటే హుక్ ఉన్నదే కొనండి. పంపు ముల్లు తప్పు చూపిస్తుందేమోనని ప్రతిసారీ ఆలోచించాల్సిన అవసరం ఉండదు.

నా బరువు 95 కిలోలు. కార్బన్ ఆగుతుందా?

సరిగ్గా చేసిన కార్బన్ రిమ్ ఆగుతుంది. కంపెనీ ఇచ్చిన బరువు హద్దు చూడండి. అది మనిషి బరువా, మనిషి, సైకిల్, సామాను అన్నీ కలిపిన బరువా అన్నది తప్పక చదవండి, పొరపాటు పడేది అక్కడే. రిమ్ దేనితో చేశారన్నదాని కన్నా స్పోకులెన్ని ఉన్నాయన్నది మీకు ముఖ్యం. 20 స్పోకుల చక్రం కన్నా 28 స్పోకులది, అల్లాయ్ అయినా సరే, ఎక్కువ కాలం వంకర లేకుండా తిరుగుతుంది.

పేరులేని చవక కార్బన్ చక్రాలు కొనొచ్చా?

కార్బన్ పనితనం బయటికి కనపడదు. లోపల పొరలు ముడతలు పడ్డాయా, గాలి బుడగలున్నాయా అన్నది పెయింట్ కింద దాగిపోతుంది. అల్లాయ్‌లో నాసిరకం మొదట వంగి చెబుతుంది, కార్బన్ చెప్పకుండా పగలొచ్చు. నేరుగా అమ్మే చిన్న తయారీదారుల్లో మంచి పని చేసేవాళ్లు చాలామందే ఉన్నారు. వారంటీ రాతపూర్వకంగా ఉందా, పడి పగిలితే తక్కువ ధరకు ఇంకొకటి ఇస్తారా, ఒక్క రిమ్ విడిగా దొరుకుతుందా అని అడగండి. ఈ మూడింటికీ సూటి జవాబు రాకపోతే అదే డబ్బుకు మేలైన అల్లాయ్ జత వస్తుంది. పేరున్న బ్రాండ్ స్టిక్కర్‌తో నమ్మలేనంత చవగ్గా వచ్చేవి నకిలీలు, వాటి జోలికి పోవద్దు.

పాతవి, వాడినవి కొంటే?

అల్లాయ్ అయితే కొనొచ్చు. రిమ్ బ్రేకుదైతే గోడలు అరిగాయా చూడండి. అరుగుదల గుర్తుగా పెట్టిన చిన్న గుంట గానీ గీత గానీ మాయమైతే ఆ రిమ్ పని అయిపోయినట్టే. వాడిన కార్బన్‌ను, అందులోనూ రిమ్ బ్రేకుదాన్ని, దాని చరిత్ర తెలియకుండా నేను కొనను.

నా సైకిల్‌కు సరిపోతాయో లేదో ఎలా తెలుస్తుంది?

ఇరుసు కొలత చూడండి. ఇప్పటి డిస్క్ రోడ్ సైకిళ్లకు ముందు 12×100, వెనక 12×142 మి.మీ. (ఇరుసు మందం, హబ్ వెడల్పు). రిమ్ బ్రేకు సైకిళ్లకు లీవర్‌తో బిగించే క్విక్ రిలీజ్, వెనక వెడల్పు 130 మి.మీ. రోటర్ ఒకే రింగుతో బిగించే సెంటర్‌లాకా, ఆరు బోల్టులదా? వెనక హబ్ మీద క్యాసెట్ (పళ్లచక్రాల గుత్తి) కూర్చునే ఫ్రీహబ్ షిమానోదా, స్రామ్ ఎక్స్‌డీఆరా, కాంపగ్నోలోదా? ఇవి కలిస్తే చాలు. టైరు వెడల్పు పెరుగుతుంటే ఫ్రేములో సందు ఉందో కూడా చూసుకోండి.

## బిగించేటప్పుడు, వాడుతున్నప్పుడు

పాత ట్యూబులు, టైరు లీవర్లు పనికొస్తాయా?

50 మి.మీ. రిమ్‌లోంచి మామూలు వాల్వ్ బయటికి రాదు. 70–80 మి.మీ. వాల్వ్ ఉన్న ట్యూబు కొనండి, దారిలో పనికొచ్చే స్పేర్ ట్యూబు కూడా అలాంటిదే పెట్టుకోండి. సగం మంది ఆ రెండోది మరిచిపోతారు. లీవర్లు ప్లాస్టిక్‌వే వాడాలి, ఇనుప లీవర్ కార్బన్ అంచును చెక్కేస్తుంది.

మా దగ్గర రోడ్లు గుంతలమయం. కార్బన్ పెట్టడం పిచ్చితనమా?

పిచ్చితనం కాదు, టైరు వెడల్పుగా ఉంటే. రిమ్‌ను కాపాడేది టైరులోని గాలి. 30–32 మి.మీ. టైరులో సరైన గాలి ఉంటే చాలా గుంతలు రిమ్ దాకా రావు. చీకట్లో, చూసుకోకుండా, రోజూ ఆఫీసుకు తొక్కే సైకిల్‌కు మాత్రం అల్లాయే. పగిలితే ఎంత బాధపడతారో ముందే ఊహించుకుని కొనాలి.

కార్బన్ చక్రానికి బెండు తీయాల్సిన పని రాదంటారు కదా?

తక్కువగా వస్తుంది. కార్బన్ రిమ్ బిగువుగా ఉండి ఊరికే వంగదు, కానీ స్పోకులు స్టీలువే కాబట్టి కాలంతో సడలుతాయి. బెండు తీసే మెకానిక్ దగ్గర స్పోకుల బిగువు (టెన్షన్) కొలిచే మీటరు ఉండాలి. అల్లాయ్‌లో స్పోకు అతిగా బిగిస్తే రిమ్ వంకరపోయి తెలిసిపోతుంది. కార్బన్ వంకర పోకుండా నిలబడి, కొన్నాళ్లకు స్పోకు రంధ్రం దగ్గర బీటవారుతుంది.

స్పోకులను రిమ్‌కు బిగించే నిపుల్స్ పొడిపొడిగా రాలిపోతున్నాయి. ఎందుకు?

అవి అల్యూమినియం నిపుల్స్ అయి ఉంటాయి. కార్బన్, అల్యూమినియం ఒకదానికొకటి తగులుతూ మధ్యలో తడి, ఉప్పు చేరితే అల్యూమినియం తినేయబడుతుంది. చెమటా సముద్రపు గాలీ ఇందుకు చాలు. ఇత్తడి నిపుల్స్ వేయించుకోండి. కొన్ని గ్రాములు పెరుగుతాయి, అంతే.

ఎండలో పెడితే కార్బన్ పాడవుతుందా?

మామూలు ఎండకు ఏమీ కాదు. కారు వెనక స్టాండుకు కట్టినప్పుడు మాత్రం పొగగొట్టం ఎదురుగా చక్రం రాకుండా చూడండి. ఆ వేడికి టైరూ పోతుంది, రిమ్మూ పోతుంది.

## దెబ్బ తగిలాక

గుంతలో గట్టిగా పడింది. కార్బన్ రిమ్ బాగానే ఉందో లేదో ఎలా చూసుకోవాలి?

టైరు తీసేయండి, టైరు కిందే పగుళ్లు దాక్కుంటాయి. అంచుల వెంట, స్పోకు రంధ్రాల చుట్టూ, వాల్వ్ దగ్గర మంచి వెలుతురులో చూడండి. వేలితో రాస్తే గోరుకు తగిలే గీత ఉందా? నాణెంతో చుట్టూరా మెల్లగా కొడుతూ పోతే గట్టిగా మోగే చప్పుడు ఒకచోట మొద్దుబారితే అక్కడ పొరలు విడిపోయి ఉండొచ్చు. చక్రం ఉన్నట్టుండి వంకరపోయినా, ట్యూబ్‌లెస్ టైరు గాలి నిలపకపోయినా అనుమానించాలి. పగులు కనపడితే ఇంటిదాకా కూడా తొక్కొద్దు.

అల్లాయ్ రిమ్‌కు సొట్ట పడింది. మార్చాలా?

చిన్న సొట్ట అయితే, ట్యూబు వేసుకునేవారు మెల్లగా సరిచేయించుకుని వాడుకోవచ్చు. అంచు ఎక్కడా చీలకూడదు, టైరు సరిగ్గా కూర్చోవాలి. ట్యూబ్‌లెస్‌కు ఆ కొద్ది సందు చాలు గాలి పోవడానికి. రిమ్ బ్రేకు అయితే ప్రతి చుట్టుకూ ప్యాడ్ అక్కడ పట్టి వదులుతుంటుంది, అది మార్చాల్సిందే. అరిగిన గోడలున్న రిమ్‌కు సొట్ట పడితే సరిచేయడానికి కూడా ప్రయత్నించకండి.

పగిలిన కార్బన్ రిమ్‌ను రిపేరు చేయించొచ్చా?

కార్బన్ ఫ్రేముల రిపేరు బాగా కుదురుతుంది, రిమ్‌ల సంగతి వేరు. టైరు గాలి, స్పోకుల లాగుడు, గుంతల దెబ్బ అన్నీ ఒకేచోట పడే భాగం అది. అంచు పగిలినా, స్పోకు రంధ్రం దగ్గర బీటవారినా అతుకు వేయించకండి, రిమ్ మార్చేయండి. హబ్ బాగుంటే అదే హబ్ మీద కొత్త రిమ్ కట్టించుకోవచ్చు. కొత్త రిమ్‌లో స్పోకులు కూర్చునేచోటి వ్యాసం, రంధ్రాల సంఖ్య పాతదానితో సరిపోలితే స్పోకులు కూడా కొన్నిసార్లు పనికొస్తాయి, అయినా ఎంతో కొంత వాడినవైతే కొత్త స్పోకులే వేయించడం నయం.